ఒకే మాట

కువైట్‌లో, మహబూలా నుంచి సల్వా మీదుగా వెళ్లే బస్సులో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని పదకొండోసారి యాప్ బిల్డ్ చేశాను. మళ్లీ అదే ఎర్రర్. సాయంత్రంలోగా ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది. పిడికిలితో కీబోర్డును గుద్దితే ఒక కీ ఎగిరిపడింది.

ఒక చేతికి పిండికట్టు ఉన్న కడప ఆమె పక్కసీటులోంచి వంగి, దాన్ని ఏరి ఇచ్చింది.

“ఏమంటాదన్నా అది?”

“ఒకే లైబ్రరీని యాప్‌లో ఒక ఫైలు 23వ వెర్షన్ తెమ్మంటుంది, ఇంకో ఫైలు 25 తెమ్మంటుంది.”

“సల్వాలో నేను పనిచేసే ఇంట్లోనూ అంతే. ఇంటామెను మామా అంటాం ఈడ. ఆమె గిన్నెలు తోమమన్యాది, ఆయమ్మ మొగుడు కారు కడగమన్యాడు. కారుకాడికి పోయినానని మామా ఇస్త్రీపెట్టెతో ఎముక ఇరగ్గొట్టింది. ఇద్దరూ ఒకే మాట చెప్పింటే ఈ చెయ్యి బాగుండు.”

రెండు చోట్లా 25 అని రాశాను. ఎర్రర్లు సున్నా. తలెత్తేసరికి ఆమె సల్వాలో దిగి, ఆ ఇంటివైపే నడుస్తోంది.

ఆ తర్వాత నేనెప్పుడూ కీబోర్డును గుద్దలేదు.