నాయనమ్మ అందరి ముందూ చేసిన ప్రార్థన

నా చిన్నప్పుడు గోపన్‌పల్లి నుంచి పట్నం పోవాలంటే లింగంపల్లి దాకా సైకిల్ తొక్కి, అక్కడ రైలెక్కాలి. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పట్లో పెద్ద పెద్ద బండరాళ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు ఉండేవి. మా నాయన ఆ బండలు కొట్టే పని చేసేవాడు. ఊళ్లో క్రైస్తవుల ఇళ్లు కొన్నే. మాకు పెంకుల కప్పుతో ఒక చిన్న చర్చి ఉండేది. మా వాకిలికీ పక్కింటి వాకిలికీ మధ్య నడుమెత్తు మట్టిగోడ. ఆ ఇంటామె మాకు చుట్టం కాకపోయినా నేను చిన్నమ్మ అనే పిలిచేదాన్ని.

మా అన్న, చిన్నమ్మ కొడుకు ఒక ఈడువాళ్లు. పట్నంలో ఒకే కాలేజీలో చదివేవారు. ప్రత్యేక తెలంగాణ కావాలని మొదటిసారి పిల్లలు చదువులు పక్కనబెట్టి రోడ్ల మీదికి వచ్చిన ఏడాది అది. ఎండాకాలంలో ఒకరోజు ఇద్దరూ కలిసే ఊరేగింపుకు పోయారు. అక్కడ పోలీసుల తుపాకులు పేలాయి. సాయంత్రం చిన్నమ్మ కొడుకు ఒక్కడే ఇంటికి వచ్చాడు. వాడి చొక్కానిండా నెత్తురు. వాడి ఒంటి మీద గాయం లేదు. ఆ నెత్తురు మా అన్నది.

అన్నను మట్టిచేసిన తర్వాతి ఆదివారం అందరం చర్చికి పోయాం. దేవుడు చేసిన మేలును లేచి అందరికీ చెప్పుకోవడం మా దగ్గర ఆనవాయితీ, దాన్నే సాక్ష్యం అంటాం. చిన్నమ్మ లేచింది. తన కొడుకును దేవుడు చావు నోట్లోంచి తీసి తన ఒళ్లో వేశాడని ఏడుస్తూ చెప్పింది. తప్పేముంది, తల్లి కదా. కానీ మా అమ్మ కొంగు సర్దుకుని లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచింది. ఆ తర్వాత చాలా ఆదివారాలు చర్చికి రాలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లోకి ఓర్వలేనితనం వచ్చి కూర్చుంది. అమ్మ పొయ్యి దగ్గర ఉన్నా ఆమె చెవులు గోడ అవతలే ఉండేవి. అక్కడ కంచం చప్పుడైతే ఇక్కడ అమ్మ చేయి ఆగిపోయేది. చిన్నమ్మ కొడుకు సైకిల్ గంట వినిపిస్తే లోపలికి పోయి తలుపు వేసుకునేది. బావి దగ్గర చిన్నమ్మ ఉంటే ఖాళీ బిందెతో తిరిగి వచ్చేది. నా సంగతీ అంతే. చిన్నమ్మకు నా ఈడు కూతురు ఒకతె ఉండేది. ఆ పిల్ల వాళ్లన్న సైకిల్ ముందు కమ్మీ మీద కూర్చుని బడికి పోతుంటే, నేను వెనక నడుస్తూ, ఆ సైకిల్ పడిపోతే బాగుండునని చూసేదాన్ని.

చర్చికి రమ్మని నాయనమ్మ ఒకసారి పిలిస్తే అమ్మ అన్నది, "ఆమె కొడుకును కాపాడినోడు నా కొడుకును ఎందుకు కాపాడలె అత్తమ్మా? ఆయన ఆమెకే దేవుడు. నాకు కాదు."

 నాయనమ్మకు చదువు రాదు. రోజూ సాయంత్రం మా అన్న బైబిల్ వాక్యం చదివి వినిపిస్తే వినేది. ఇప్పుడు నేను కూడబలుక్కుంటూ చదివితే ఓపిగ్గా వింటుండేది. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. అందుకే, వానలు మొదలైన తర్వాత ఒక ఆదివారం ఆమె చేసిన పని ఎవరూ అనుకోనిది.

ఆ ఆదివారం నేనూ నాయనమ్మే పోయాం. ముందు వరుసలో చిన్నమ్మ, పక్కన ఆమె కొడుకు. ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా అని పాస్టరు అయ్యగారు అడిగారు. నాయనమ్మ నా భుజం పట్టుకుని లేచి నిలబడి కళ్లు మూసుకుంది.

"తండ్రీ, నీ ముందట అబద్ధం ఆడుడు నాకు శాతనైతలేదు. ఈ పిల్లగాడు మా ఇంటి ముందటికెళ్లి పోతుంటే నా కడుపు మండుతుంది. సల్లగుండు బిడ్డా అని నోటితోటి అంటున్న, మనసుల అంటలేను. వీడు నీకేమైండు, మావోడు నీకేం కాకపాయె? నాకు తెల్వది. నువ్వే చెప్పాలె. చెప్పేదాంక అడుగుతనే ఉంట. నీ మీద అలిగి యాడికి పోవాలె? నాకు ఇంకో గడప లేదు."

అంతే, కూర్చుంది. ఎవరూ ఆమెన్ అనలేదు. పెంకుల మీద వాన చప్పుడొక్కటే. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అయ్యగారు పాట ఎత్తుకోబోయి అది కూడా మానేసి, మెల్లగా దీవెన చెప్పి పంపించారు.

ఇంటికి రాగానే అమ్మకు నేనే చెప్పాను. అమ్మ చేతిలో చేట పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"ఆమె ముందటనే అన్నవా అత్తమ్మా?"

"ఆమెకు చెప్పలె. ఆయనకు చెప్పిన. ఆమె విన్నది" అంది నాయనమ్మ, తడిసిన చీర పిండుకుంటూ.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక చిన్నమ్మ తన కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. తగువుకే వచ్చిందనుకున్నాను. ఆమె మా అరుగు మీద కూలబడింది.

"అక్కా, నేను ఆ దినం అందరి ముందట సాక్ష్యం చెప్పిన. ఇంటికొచ్చినంక వీడు నాతోటి మాట్లాడుతలేడు. బువ్వ తింటలేడు. నేనెందుకు మిగిలిన అని అడుగుతుండు. ఏం చెప్పాలె నేను?"

అమ్మ అప్పుడు వాడి ముఖం చూసింది. ఇన్నాళ్లూ గంట చప్పుడే వింది కానీ వాడిని చూడలేదు. బుగ్గలు పీక్కుపోయి, మా అన్న కంటే పదేళ్లు పెద్దవాడిలా ఉన్నాడు. అమ్మ అడిగింది, "మావోడు నొప్పికి ఏడ్చిండా బిడ్డా?"

ఆ మాట ఇంతవరకూ వాడిని ఎవరూ అడగలేదు. వాడు నేల చూస్తూ, "ఏడ్వలె పెద్దమ్మా. ఉరుకుతుంటే కొత్త చెప్పులు పోయినయి. మా అమ్మ తిడ్తది రా అన్నడు. గదే ఆఖరు మాట" అన్నాడు.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. "నేనెందుకు తిడ్త," అని, "నేనెందుకు తిడ్త బిడ్డా" అని వాడి తల దగ్గరికి తీసుకుంది. చిన్నమ్మ, నాయనమ్మ చెరోపక్క కూర్చుని ఏడ్చారు. ఆ పూట వాడు మా ఇంట్లో జొన్నరొట్టె తిన్నాడు. అమ్మ ఎదురుగా కూర్చుని, వాడు నమిలే ప్రతి ముద్దనూ చూసింది.

దాంతో అంతా చక్కబడిందని చెప్పను. తర్వాతి ఆదివారం కూడా అమ్మ చర్చికి రాలేదు. క్రిస్మస్‌కు వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. ఆ తర్వాత అక్కడే ఆమె చోటయింది. కొన్నేళ్లకు చిన్నమ్మ కొడుకు పెళ్లయింది. ఆ రోజు పొద్దంతా వంటల దగ్గర నడుం విరిగేలా పనిచేసిన అమ్మ, పెళ్లికూతుర్ని తీసుకొచ్చే వేళకు దొడ్లోకి పోయి కూర్చుంది. నాయనమ్మ పోయి పక్కన కూర్చుంది. ఊరుకో అని అనలేదు.

దేవుడు జవాబు చెప్పాడా అని నేనొకసారి నాయనమ్మను అడిగాను. "ఇంకా చెప్పలె. అడుగుతనే ఉన్న" అంది, ప్రార్థనకు మోకరిస్తూ. ఆమె ముఖంలో కోపం లేదు.

ఇప్పుడు నేను అదే గోపన్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. నా కూతురు జబ్బు చేసి పోయింది. పై అంతస్తులో నా ఈడు ఆమె ఒకరున్నారు. ఆమె కూతురు ఆఫీసు నుంచి వచ్చి, వాళ్లమ్మ చేయి పట్టుకుని కింద నడిపిస్తుంటుంది. వాళ్లు నన్ను చూసి నవ్వుతారు, నేనూ నవ్వుతాను. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాక కుర్చీలో కూర్చుని దేవుడికి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, తండ్రీ, ఈ రోజు వాళ్లను చూసి ఓర్వలేకపోయాను అని. ఆ తర్వాత ఆ పిల్ల ఆయుష్షు కోసం అడుగుతాను. కొన్నిరోజులు ఆ మాట లోపలి నుంచే వస్తుంది. కొన్నిరోజులు పెదవుల మీదే ఆగిపోతుంది. ఆగిపోయిన రోజు, ఆగిపోయిందని కూడా ఆయనకే చెప్తాను.