బెల్టు లేని కారులో పెళ్లికొడుకు

పెట్రోలు పొదుపులో మా తాత శోభనాద్రి అంతటివాడు భూమ్మీద లేడు. ఆ కబురు గల్ఫు షేకులకి అందలేదు గానీ, అందుంటే నూనె బావులు పూడ్చేసి గుడివాడ వచ్చి వరి నాట్లు వేసుకునేవాళ్లు.

రెండువేల మూడులో తాత ఒక పాత చిన్న కారు కొన్నాడు. దానికి పవర్ స్టీరింగు ఉంది. స్టీరింగు తేలిగ్గా తిరగడానికి సాయం చేసే పంపు ఇంజను బలాన్ని తినేస్తుందని ఎవరో చెప్పారట. అంతే, ఆ పంపుని తిప్పే బెల్టు ఊడబీకేశాడు.

"హాయిగా తిరిగేదాన్ని మొండిదాన్ని చేశారేంటండీ?" అంది నానమ్మ సౌభాగ్యమ్మ.

"ట్రాక్టరు తిప్పిన చేతులే ఇవి! రోడ్డెక్కాక తేడానే తెలీదు."

బందరు రోడ్డు మీద నిజంగానే తెలియలేదు. మైలేజీ గురించి అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెప్పుకుని తిరిగాడు.

అప్పుడే అవనిగడ్డలో మేనకోడలు ఇంద్రజ పెళ్లి కుదిరింది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ పీటల దాకా మోసుకురావాలి. ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ తాత ఎదురుచూస్తున్నది ఆ ఒక్క ఘడియ కోసమే. వేరేవాళ్లు చెయ్యి వేస్తామన్నా ఒప్పుకోలేదు. విడిదింటికి టాక్సీ పంపుతానన్న చెల్లెలు సువర్ణనీ కసిరాడు.

"నా కారుండగా కిరాయి బండేంటి?"

పెళ్లికొడుకు అభినవ్ ఎక్కాడు. ముందు బ్యాండు మేళం. వాళ్లు ఎంత మెల్లగా నడిస్తే కారూ అంత మెల్లగా కదలాలి. ఆ నిదానంలో స్టీరింగు బండరాయి అయిపోయింది. రెండు సందులు ఎలాగో తిప్పాడు. కాలవ వంతెన మలుపు దగ్గర మాత్రం అది ససేమిరా అంది. కారు గోడకి తగిలి ఆగింది.

"ఏం బావగారూ, మావాణ్ణి కాలవలో నిమజ్జనం చేస్తారా?" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి మధుసూదనరావు.

"పవర్ స్టీరింగు ఇప్పుడే పోయిందండీ. ఈ కాలం బళ్లన్నీ ఇంతే," అని తాత అబద్ధమాడేశాడు.

పాపం అభినవ్ నమ్మాడు. దిగి, తలపాగా వెనక సీట్లో ఉన్న నానమ్మ ఒళ్లో పెట్టి, కిటికీలోంచి చేతులు దూర్చి తాతతోపాటు స్టీరింగు లాగాడు. బ్యాండువాళ్లు వాయించడం మానేసి వినోదం చూశారు. మండపం చేరేసరికి అభినవ్ కల్యాణ బొట్టు కాస్తా చెమటతో ముక్కు మీదికి జారింది.

తాత గబగబా గంప దగ్గరికి వెళ్లి వంగాడు. స్టీరింగుతో కుస్తీ పట్టిన చేతుల్లో సత్తువ మిగల్లేదు. పట్టు చిక్కలేదు. మళ్లీ ఎత్తాడు. గంప జానెడు లేచి, దబ్బున కింద పడింది. సాయానికి ఇద్దరు ముందుకొచ్చారు. ఇంకొకరు ఎత్తితే మావయ్య తలెత్తుకోలేడని ఇంద్రజకి తెలుసు.

"ఫర్వాలేదులే మావయ్యా, నడిచొస్తాను," అని దిగి, తల వంచుకుని నడిచింది.

తాత ఖాళీ గంపతో వెనకాలే వెళ్లాడు. పీటల దగ్గర, అందరూ వింటుండగా అభినవ్‌తో అన్నాడు: "బండి పాడవలేదు బాబూ. బెల్టు నేనే పీకేశాను."

ఎవరైనా నవ్వినా బాగుండేది. ఎవరూ నవ్వలేదు.

ఇదంతా చదివి వినిపించి, ఎలా ఉందని అడిగితే తాత నా వైపు చూడకుండానే అన్నాడు:

"నా గురించి ఎంత వెకిలిగానైనా రాసుకోరా. ఆ పిల్ల నడిచిందన్నది మాత్రం కొట్టెయ్."