గన్నవరం నుంచి అరగంటే!

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది ఆగస్టులో నన్ను గన్నవరం విమానాశ్రయానికి డ్యూటీ మేనేజరుగా వేశారు. ఓ ప్రైవేటు విమాన సంస్థలో అది నా చివరి పోస్టింగు. మాది తిరువూరు కాబట్టి సంతోషంగానే చేరాను.

మా వృత్తిలో ప్రయాణ సమయాన్ని ‘బ్లాక్ టైమ్’ అంటాం. ఇక్కడ చక్రాలకు అడ్డుపెట్టిన దిమ్మెలు తీసినప్పటి నుంచి అవతలి ఊళ్లో మళ్లీ పెట్టేదాకా ఎంతసేపో అది. రన్‌వే దాకా నడక, దిగడానికి వంతు రాక గాల్లో కొట్టే చక్కర్లు, అన్నీ అందులోవే. హైదరాబాదుకు అది గంట పైమాటే. నెట్‌లో కొందరు రెండు విమానాశ్రయాల మధ్య తిన్నగా గీత గీసి, ఆ దూరాన్ని వేగంతో భాగించి అరగంట అని రాసిపారేస్తారు. అలా ఎగిరే విమానాన్ని నా సర్వీసులో నేను చూడలేదు.

ఒక ఉదయం గంపలగూడెం నుంచి మరియమ్మ అనే ఆమె, అన్న దానియేలుతో వచ్చింది. సాగనంపడానికి పాస్టరుగారితో సహా వ్యానెడు జనం. కువైట్‌లో ఓ ముసలావిడను కనిపెట్టుకుని ఉండే పని ఆమెది. సెలవు మీద వచ్చింది. ఆ రోజే అక్కడ దిగకపోతే అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దయిపోతుంది. హైదరాబాదు దాకా ఒకటి, అక్కణ్నుంచి కువైట్‌కు ఒకటి, విడివిడిగా కొన్న టికెట్లు చూశాను. మా విమానం హైదరాబాదులో దిగేసరికి కువైట్ కౌంటరు మూసే వేళవుతుంది.

“అరగంటలో హైదరాబాద్‌లో ఉంటుందన్నాడండి ట్రావెల్స్ ఆయన,” అన్నాడు దానియేలు.

ఆ ఏజెంటుకు ఫోన్ చేశాను. “టికెట్టు మీద టైము ఊరికే ఎక్కువేస్తారు సార్. నెట్‌లో చూశా, అరగంటే. ముందే దిగిపోద్ది,” అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఊరికే వేస్తామా? “ఆవిడ అకామా పోతే నువ్విస్తావుటయ్యా?” అని అరిచాను. ఫోను పెట్టేశాడు.

రోడ్డు మీద పంపే వ్యవధి లేదు. ముందు వరసలో సీటు ఇచ్చాను. ఆమె సూట్‌కేసు అందరికన్నా చివర ఎక్కించాం, అలా అయితే దిగేటప్పుడు మొదట వస్తుంది. హైదరాబాదులో మా మనిషిని తలుపు దగ్గరే నిలబెట్టాను. విమానం కాస్త ఆలస్యంగా కదిలింది. అక్కడ వంతు కోసం చక్కర్లు కొట్టింది. ఆమె పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి కౌంటరు మూసేశారు. కువైట్ విమానం ఇంకా నేల మీదే ఉంది. చేతులు జోడించి బతిమాలిందట, ఒక్కరూ కరగలేదు.

మా పైఅధికారికి చెబితే, “రెండూ వేరే టికెట్లు. మనకేం సంబంధం?” అన్నాడు. ఆ రోజు మా విమానం సకాలంలో చేరినట్టే నమోదైంది. పదిహేను నిమిషాల లోపు ఆలస్యాన్ని ఈ వ్యాపారంలో ఆలస్యం అనరు. పైగా నెలాఖరు మీటింగులో సమయపాలనకు చప్పట్లు! సిగ్గుండాలి. నేను కొట్టలేదు.

నేను నేర్చుకున్నది ఇది. విమానం ఎంతసేపట్లో వెళ్తుందని ఎవరైనా అడిగితే జవాబు చెప్పకూడదు. ఏ వేళకు ఎక్కడుండాలో ముందు మనమే అడగాలి. గల్ఫ్ వెళ్లేవాళ్లను తిరువూరు నుంచి ముందురోజే రోడ్డు మీద హైదరాబాదు వెళ్లిపొమ్మంటాను. ఆ ఏజెంటు ఇంకా టికెట్లు అమ్ముతూనే ఉన్నాడు. మరియమ్మ గంపలగూడెంలో కూలికి పత్తి ఏరుతోంది.