మోటరు లేని గాలిమోటరు

మా వైపు విమానాన్ని గాలిమోటరు అంటారు. డెబ్బైల చివర్లో నేను ప్రతి ఆదివారం సైకిలు తొక్కుకుంటూ మామునూరు వెళ్లి ఎక్కిన దానికి మాత్రం మోటరు లేదు. అది గ్లైడర్. రన్‌వే ఆ చివరనున్న యంత్రం పొడవాటి ఇనుప తీగను గిరగిరా చుట్టుకుంటుంటే, ఈ చివర తీగకు తగిలించిన గ్లైడర్ పైకి లేస్తుంది. చాలినంత ఎత్తుకు వెళ్లాక ముందున్న పసుపు గుబ్బ లాగితే తీగ ఊడి కింద పడుతుంది. ఆ తర్వాత అంతా గాలి దయ.

హన్మకొండ చౌరస్తాలో మాది బట్టల దుకాణం. బాపు గజంబద్దతో గుడ్డ కొలుస్తూనే గిరాకీల ముందు నన్ను ఆడుకునేవాడు.

"మావోడు గాలిమోటరు నడుపుతాండు. మోటరు లేదు, జీతం లేదు. ఉన్నది గాలొక్కటే!"

వాళ్లు నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. నేనక్కడ జీతం లేకుండా గ్లైడర్ నడపడం ఎందుకు నేర్పుతున్నానో ఆయనకూ తెలుసు. హైదరాబాద్‌లో విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. అక్కడే నేర్పేవాడిగా ఉద్యోగం అడిగితే, "నేర్పిన అనుభవం ఏది?" అన్నారు. నేర్పనిస్తేనే కదా అనుభవం వచ్చేది! ఆ అనుభవం కోసమే మామునూరులో గ్లైడర్ వెనక సీటు పట్టుకుని వేలాడాను. నేర్చుకునేవాళ్లు ముందు కూర్చుంటారు, నేర్పేవాడు వెనక. ఎదుటివాళ్ల తల వెనక భాగం చూస్తూ, చేతులు ఒళ్లో పెట్టుకుని, మనసు మాత్రం హైదరాబాద్‌లో ఇంజిను పక్కన పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఎప్పుడైనా పైనుంచి విమానం పోతే అది చుక్కయ్యేదాకా చూసేవాణ్ణి.

అలా ఉండగా కొత్తవాడ మగ్గాల ఇంటి నుంచి ఒకమ్మాయి వచ్చింది. డిగ్రీ చదువుతోంది. ఇంట్లో మగ్గం తాడు లాగి లాగి గట్టిపడ్డ చెయ్యి. ఏది పట్టుకున్నా గుంజిపారేసేది.

ఒక పొద్దున గ్లైడర్ ఇంకా లేస్తూనే ఉంది. ముక్కును పైకీ కిందికీ తిప్పే కర్రను ఆమె తన వైపు మరీ గట్టిగా లాగుతోంది. కాస్త సడలించమని చెప్పాలని వెనకనుంచి అన్నాను, "జర ఇడువమ్మా."

ఆమె చటుక్కున పసుపు గుబ్బ లాగింది. తీగ ఊడిపోయింది. అప్పటికి మేము రెండు తాటిచెట్ల ఎత్తు కూడా లేము. నేను వెనక సీటు దగ్గరున్న నా కర్ర అందుకుని, ముక్కు కిందికి వంచి, మిగిలిన రన్‌వే మీద దించేశాను. దుమ్ము సర్దుకున్నాక అడిగాను.

"ఏందమ్మా అది?"

"మీరే ఇడువుమన్నరు గద సార్!"

కోపం వచ్చినంత వేగంగా నవ్వొచ్చింది. మా పెద్ద ఇన్‌స్ట్రక్టరు తాపీగా నడుచుకుంటూ వచ్చి సంగతి విన్నాడు. "ఈ జాగల ఇడువుమంటే చేతికందింది ఇడుస్తరు. ఇగ ఆ మాట తీగకే," అన్నాడు. అప్పటినుంచి కర్రకు 'మెల్లగ', తీగకు 'ఇడువు'. నేను నేర్పిన చదువంతా ఆ రెండు మాటల్లో ఉంది.

మిర్చి ఆరబోసే కాలంలో ఆమె మొదటిసారి ఒంటరిగా ఎగిరింది. ఖాళీ వెనక సీటుకు బెల్టులు నేనే బిగించాను. గ్లైడర్ లేచింది, పైకంటా వెళ్లింది. "ఇక ఇడువమ్మా," అని నేల మీద నిలబడి గొణుక్కున్నాను. విన్నట్టే తీగ జారింది. ఎర్రటి కల్లాల మీదుగా, వేడిగాలి పైకి లేచేచోట తిరిగే గద్దలను వెతుక్కుని, వాటితో పాటే చుట్లు తిరిగింది. గర్వంగానే ఉంది. దాని పక్కనే అసూయ కూడా ఉంది, దాచడం ఎందుకు.

దిగగానే ఆమె అన్న మొదటి మాట: "సార్, మీరు లేకుంటె ఎంత తేలిగ్గ లేస్తాంది!"

పెద్ద ఇన్‌స్ట్రక్టరు హైదరాబాద్ వాళ్లకు నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. ఎనభైల మొదట్లో హైదరాబాద్ ఉద్యోగం వచ్చింది. కోరుకున్న ఇంజిను వచ్చింది. దాని మోతలో గొంతు చించుకుని అరవడమూ వచ్చింది. ఇంజిను ఆగిపోతే ఏం చేయాలో నేర్పడానికి అప్పుడప్పుడు పైన దాన్ని తగ్గించేవాణ్ణి. రెక్కల మీద గాలి చప్పుడు వినపడేది. కుర్రవాళ్లకు చెమటలు పట్టేవి. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చేది, ఇంకొంచెం సేపు ఇలాగే ఉండనీ అనిపించేది. నోటిదాకా 'ఇడువు' అన్న మాట వచ్చేది. ఇడవడానికి తీగ ఏది? మళ్లీ ఇంజిను పెంచాల్సిందే.

ఒకసారి సెలవుకు వచ్చి మామునూరు వెళ్లాను. అప్పటికి గ్లైడర్లు ఆగిపోయాయి. తీగ చుట్టే యంత్రం లేదు. రన్‌వే మీద మేకలు మేస్తున్నాయి. ఎండలో చాలాసేపు నిలబడి, గద్దలను చూసి, తిరిగి దుకాణానికి వచ్చాను.

బాపు మంచి హుషారులో ఉన్నాడు. "మావోనికి ఇప్పుడు మోటరున్నది, జీతమున్నది. ఇంకేం ఫికర్?" అన్నాడు గిరాకీలతో. ఈసారి ఎవరూ నవ్వలేదు, మర్యాదగా తలలూపారు. ఆయన నా మొహం చూశాడు.

"ఏందిరా, గట్లున్నవ్?"

"గాలి లేదు బాపూ," అన్నాను.

బాపు గజంబద్ద పక్కన పెట్టి, లేచి, టేబుల్ ఫ్యాను నా వైపు తిప్పాడు.