మాస్టారి కుడికాలు

ఈ పేటలో సగంమందికి కారు నేర్పింది డ్రైవింగ్ స్కూలు మాస్టారేనని అందరూ అంటారు. అది పొరపాటు. నేర్పింది మాస్టారి నోరు, ఆపింది మాస్టారి కుడికాలు. ఈ సంగతి మాస్టారికి తెలియడానికి ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది. ఆయన భార్యకు పెళ్ళయిన మూడో నెలలోనే తెలుసు. భార్యకు ముందే తెలిసిన సంగతులకు ఏ ఇంట్లో విలువ ఉంది గనక!

డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. పక్కసీట్లో కూర్చున్న మాస్టారు దాన్ని తొక్కితే, నేర్చుకునేవాడి కాలి కింద ఉన్న బ్రేకు దానంతట అదే లోపలికి పోతుంది. ప్రాణం మీదికి వస్తే తప్ప దాన్ని ముట్టుకోకూడదని నియమం. మాస్టారు నియమం తప్పే మనిషి కాదు. ఆయనకు తెలిసి ఏనాడూ ముట్టుకోలేదు. ఆయన కాలికి తెలిసి ఎన్నిసార్లు ముట్టుకున్నారో ఆ పైవాడికే ఎరుక.

ఆ కాలు తీరే వేరు. బస్సెక్కితే ప్రతి మలుపులోనూ ముందుసీటును ఒక్క తన్ను తన్నేది. ముందు కూర్చున్నవాళ్ళు గుర్రుగా వెనక్కి తిరిగితే, మాస్టారు కిటికీలోంచి అమాయకంగా బయటికి చూసేవారు. ఎదురింటావిడ గబగబా మాట్లాడటం మొదలుపెడితే కాలు నేలను నొక్కేది. ఆవిడ ఆగేది కాదు, అది వేరే విషయం. చెప్పుల్లో ఎడమది కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తుండగానే కుడిదాని అడుగు ఊడిపోయేది. చెప్పులు కుట్టే అతను ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు.

"మాస్టారూ, తప్పుగా అనుకోకండి. మీరు ఇంట్లో ఒంటికాలి మీద గెంతుతారా ఏంటి?"

భోజనాల బల్ల కింద పరిచిన చాప కూడా ఒక్కచోటే చిరిగేది. మాస్టారు కూర్చునే కుర్చీ ముందు, సరిగ్గా కుడికాలు ఆనేచోట.

"ఏమండీ, అన్నం తినేటప్పుడు ఎవర్ని ఆపుతున్నారు?" అనేది భార్య.

"ఎవర్నే? ఎవర్నీ ఆపట్లేదే!"

"ఎవరు ఆగారో తెలీదు గానీ చాప మాత్రం చిరిగి ఊరుకుంది."

ఆ మాటలు ఆయన చెవికెక్కితేగా! స్కూలు గుమ్మం పైన ఆయన పచ్చరంగు అక్షరాలతో స్వయంగా రాయించుకున్న బోర్డు ఉంది. "ముప్పై ఒక్క ఏళ్ళు. ఒక్క గీత పడలేదు." ఏటేటా ఆ ఏళ్ళ లెక్క మార్పించుకోవడం ఆయన జీవితంలో ఉన్న ఏకైక విలాసం. ఆ బోర్డు చూసే జనం వచ్చేవారు, ఆ బోర్డు చూసుకునే ఆయన తల ఎత్తుకుని తిరిగేవారు.

ఇలా సాగుతుండగా టైల్సు షాపాయన ఒక్కగానొక్క కొడుకుకు పంతొమ్మిదేళ్ళు నిండే ఘడియ దగ్గరపడింది. ఇంట్లో వాడిని చిన్నబాబు అంటారు. ఇంకా పాలగ్లాసు ఎత్తితే సగం చొక్కా మీదే ఒలకబోసుకునే పిల్లవాడు. అటువంటి వాడికి పుట్టినరోజు కానుకగా తండ్రి స్పోర్ట్స్ కారు తెప్పిస్తున్నాడు. ఇంజనుకు ఆరు వందల గుర్రాల బలమట. మూడు సెకన్లలో వందకు వెళుతుందట. వెళ్ళి ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేదు.

వాళ్ళ ఇంటి నుంచి కాలేజీ రెండే రెండు కిలోమీటర్లు. దారిలో ఒక పిల్లల బడి, ఒక బేకరీ, నాలుగు మలుపులు, ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు మీద పోసుకున్న ఇసుక. ఆ దూరానికి ఆరు వందల గుర్రాలు కావలసి వచ్చాయి. ఐదు వందల తొంభై తొమ్మిదయితే పాపం మొదటి క్లాసు తప్పిపోతుంది కాబోలు.

అయితే బీమా వాళ్ళు ఒక మెలిక పెట్టారు. ఇరవై ఏళ్ళు నిండనివాళ్ళకు అంత పెద్ద ఇంజనుకు బీమా ఇవ్వాలంటే, నేర్పిన మాస్టారి ఉత్తరం కావాలన్నారు. అలా చిన్నబాబు మాస్టారి చేతికి చిక్కాడు. మాస్టారు చిన్నబాబు చేతికి చిక్కారన్నా తప్పులేదు.

ఇరవై పాఠాలు జరిగాయి. చిన్నబాబు ఒక చెయ్యి స్టీరింగు మీద, రెండో చెయ్యి జుట్టు మీద పెట్టి నడిపేవాడు. మాటల్లో మాత్రం లోటు చేసేవాడు కాదు. "సార్, ఈ డబ్బాలో కూర్చుంటే మా ఫ్రెండ్స్ నవ్వుతున్నారు సార్. వెనక నుంచి సైకిల్ కూడా దాటిపోతోంది."

"దాటనీ నాయనా. వాళ్ళకి తొందరేమో."

అయినా ఒక్క విషయంలో మాస్టారికి కుర్రాడి మీద గురి కుదిరింది. ఆపడంలో ఘనుడు. బేకరీ మలుపు దగ్గర కారు వెన్నపూసలా ఆగేది. లైసెన్సు పరీక్షలో కూడా స్కూలు కారే, పక్కన మాస్టారే, వెనకసీట్లో ఆఫీసరు. ఆయన సైతం "భలే ఆపావోయ్" అని మెచ్చుకుని దిగిపోయాడు. మాస్టారు పొంగిపోయి ఉత్తరం రాసిచ్చేశారు. "ఈ అబ్బాయికి బ్రేకు మీద మంచి అదుపు ఉంది. ఎంత పెద్ద బండినైనా అప్పగించవచ్చు." కింద పొడుగ్గా సంతకం. టైల్సు షాపాయన దాన్ని నాలుగుసార్లు చదువుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

కారు ఆదివారం వస్తుందనగా, శుక్రవారం ఉదయం మాస్టారి కుడికాలి బొటనవేలు మంచం కోడుకు కొట్టుకుంది. చిలగడదుంపలా వాచింది. భార్య పసుపు పట్టించి గుడ్డ కట్టింది.

"ఇవాళ ఇంట్లో పడుండండి."

"ఉత్తరం కూడా ఇచ్చేశాగా. ఊరికే చివరి రౌండు. వాడికి నేర్పాల్సిందేం లేదు, పక్కన కూర్చుంటే చాలు."

వెళ్ళి, కట్టుకట్టిన కాలును నేలకు తగలకుండా ఎడమ మోకాలి మీద పెట్టుకుని హాయిగా కూర్చున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ కాలు సెలవు తీసుకోవడం అదే మొదటిసారి.

బడి దాటారు. బేకరీ మలుపు వచ్చింది. మలుపులో ఇసుక కుప్ప ఉంది. చిన్నబాబు రోజూలాగే ఏదో కబురు చెబుతున్నాడు. కారు కూడా రోజూలాగే వెళుతోంది. రోజూలాగా ఆగలేదు అంతే. బేకరీ చెత్తడబ్బాను ఎగరగొట్టి, గట్టు ఎక్కి, ఇసుక కుప్పలోకి దూరి, అందులో కూరుకుపోయి చచ్చినట్టు నిలబడింది.

ముందుగా నోరు తెరిచింది కుర్రాడే.

"సార్! మీ డబ్బా బ్రేకులు పోయాయి సార్!"

"నువ్వు తొక్కావా?"

"ఏంటి సార్?"

"బ్రేకు. తొక్కావా అని."

చిన్నబాబు అయోమయంగా చూశాడు. "గట్టిగా తొక్కడం దేనికి సార్? కాలు అలా ఆనిస్తే చాలు, టైముకి అదే లోపలికి పోతుంది కదా. రోజూ అంతేగా!"

మాస్టారు కుంటుకుంటూ కిందికి దిగారు. బంపరు కింద ఇసుకతో కట్టిన చిన్న ఇల్లు ఉంది. సగం నలిగిపోయింది. మిగిలిన సగానికి పుల్లలతో గేటు, గేటు ముందు ఒక ప్లాస్టిక్ బొమ్మకారు. మేడ మీది నుంచి ఎవరో తల్లి గొంతు వినిపిస్తోంది. "ఒళ్ళంతా ఇసుకే! కదలకండి, తల మీద నీళ్ళు పొయ్యాలి!" పిల్లల కేరింతలు వినిపిస్తున్నాయి. ఆవిడ ఇంకో ఐదు నిమిషాలు ఆగి పిలిచి ఉంటే ఏమయ్యేదో మాస్టారు ఆలోచించదలచుకోలేదు. కానీ ఆలోచన ఆయన్ని అడిగి రాలేదు.

ఇల్లు చేరాక భార్యకు అంతా చెప్పారు. ఆవిడ పప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టి మరీ విన్నది.

"అంటే ఇన్నాళ్ళూ మీరే ఆపారు."

"అలాగే ఉంది."

"నాకూ మీరే నేర్పారు. మొదటి శిష్యురాలిని నేనే. అయితే నాకూ రానట్టేగా?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు, బస్సులో చూసినట్టే.

"సర్లెండి, నా సంగతి తర్వాత. ఆ ఉత్తరం వెనక్కి తెచ్చుకోండి."

"తెచ్చుకోవాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే ఊరంతా నవ్వుతుందే. ముప్పై ఒక్క ఏళ్ళుగా బ్రేకు తొక్కడం ఒక్కడికీ రాకుండానే పంపించానని తెలిశాక మన గడప ఎవడు తొక్కుతాడు? ఆ బోర్డు ఏం చేసుకోను?"

"మంచి చెక్క. పచ్చళ్ళ జాడీల కింద పెట్టుకోవచ్చు," అంది భార్య చేట మళ్ళీ అందుకుంటూ. తర్వాత తల ఎత్తకుండా అంది: "మీ బోర్డు మీద గీత పడుతుందని చూసుకుంటే, రేపు ఎవరి పిల్లల మీదో పడుతుంది. ఆపైన మీ ఇష్టం."

ఆదివారం పొద్దున్న టైల్సు షాపాయన ఇంటి ముందు ఎర్రకారు దిగింది. నేలకు జానెడు ఎత్తు, పైన పెద్ద రిబ్బను. చుట్టాలందరూ దాని చుట్టూ తిరుగుతూ, పుట్టిన పసిపాపను చూసినట్టు "అచ్చం నాన్న పోలికే" అన్నంత పని చేస్తున్నారు. చిన్నబాబు బానెట్ మీద మోచెయ్యి ఆనించి ఫోటోలు దిగుతున్నాడు. మాస్టారు ఒంటికాలికి చెప్పు, ఒంటికాలికి కట్టుతో కుంటుతూ వెళ్ళి, తండ్రిని గేటు పక్కకు పిలిచారు. ఉన్నదున్నట్టు చెప్పి, ఉత్తరం ఇమ్మన్నారు.

టైల్సు షాపాయన కడుపుబ్బా నవ్వాడు.

"మాస్టారూ, కాలికి దెబ్బ తగిలితే తలకి కట్టు కట్టారా ఏంటి మీ ఇంట్లో? మావాడు ఆపలేకపోవడమా? స్వయంగా మీరే రాశారు కదండీ!"

"రాసింది చెయ్యి. ఆపింది కాలు. రెండూ నావే. వాడిది ఏదీ లేదు."

"ఓటు వెయ్యొచ్చు, కారు నడపకూడదా?"

"ఓటు వేస్తే ఇసుకలో ఆడుకునేవాళ్ళ మీదికి ఎక్కదండీ."

"అయినా ఈ కారులో అన్నీ కంప్యూటర్లే. ఏదైనా అడ్డం వస్తే అదే ఆగిపోతుంది."

"మీవాడూ అదే అంటున్నాడు. అదే నా భయం."

టైల్సు షాపాయన మొహంలో నవ్వు కాస్త పలచబడింది. చుట్టాలు అటే చూస్తున్నారు. "సరే పదండి. మా గోడౌను ఆవరణ ఖాళీగానే ఉంది. మీ డబ్బాలోనే ఒక్క రౌండు కొట్టిద్దాం. వాడు ఆపి చూపిస్తే మీరు అందరి ముందూ క్షమాపణ చెప్పాలి."

"చెప్తాను. కానీ నా సీట్లో మీరు కూర్చోండి."

గోడౌను ఆ ఇంటి వెనకే. స్కూలు నుంచి డబ్బా కారు తెప్పించారు. చిన్నబాబు ఫోటోలు మధ్యలో ఆపించారని విసుక్కుంటూ స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన తండ్రి. వెనకసీట్లో మాస్టారు రెండు కాళ్ళూ పైకి మడుచుకుని, బాసింపట్టు వేసుకుని, కట్టుకట్టిన కాలిని రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. దాని మీద ఆయనకు ఇప్పుడు నమ్మకం లేదు. ఆవరణ చివర ఖాళీ అట్టపెట్టెలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి.

"ఆ పెట్టెల దగ్గర ఆపరా కన్నా. మాస్టారికి చూపించు," అన్నాడు తండ్రి.

"ఇది కూడా ఒక పరీక్షేనా నాన్నా!" అని చిన్నబాబు కారు ఉరికించాడు.

పెట్టెలు దగ్గరయ్యాయి. మరీ దగ్గరయ్యాయి. పెట్టెల మీద "జాగ్రత్త, పగులును" అని అచ్చువేసిన అక్షరాలు గుడ్డివాడికి కూడా కనిపించేంత పెద్దవయ్యాయి. మాస్టారి కాలు చేతుల్లో గిలగిలా కొట్టుకుంది. ఆయన వదల్లేదు.

కారు కీచుమని ఆగింది. పెట్టెకూ బంపరుకూ మధ్య బెత్తెడు సందు.

చిన్నబాబు జుట్టు సవరించుకుని, వెనక్కి తిరిగి, పళ్ళన్నీ బయటపెట్టాడు. "చూశారా సార్! చూశావా నాన్నా, ఎంత బాగా ఆపానో!"

టైల్సు షాపాయన తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. పుట్టినరోజు కోసం తొడుక్కున్న కొత్త బూటు, కుడికాలిది, రెండో బ్రేకును నేలదాకా అణగదొక్కి ఉంది. తీద్దామంటే కాలు రావడం లేదు. నుదుటి చెమట తుడుచుకుని, జేబులోంచి ఉత్తరం తీసి, వెనక్కి తిరగకుండానే భుజం మీదుగా అందించాడు. మాస్టారు దాన్ని తీసుకుని నాలుగు మడతలు పెట్టారు. క్షమాపణ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఎర్రకారు ఇప్పుడు షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉంది. ఆరు వందల గుర్రాలూ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. కనీసం గడ్డి కూడా అడగడం లేదు. ఇరవై ఏళ్ళు నిండాక చూద్దామని తండ్రి మాట. చిన్నబాబు నాలుగు రోజులు అన్నం మీద అలిగాడు. ఐదో రోజు ఆకలేసింది. ఆరో రోజు స్కూలుకొచ్చాడు.

మాస్టారు పక్కసీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. చిన్నబాబు రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు. జుట్టు గాలికి ఎలా పోతే అలా పోయింది. బేకరీ మలుపుకు ఇంకా పది బారల దూరం ఉండగానే ఒక్క తొక్కు తొక్కాడు. కారు ఎగిరిపడి ఆగింది. మాస్టారి నుదురు ముందున్న అద్దానికి తగిలింది. వెనక సైకిలువాడు తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయాడు.

"సార్," అన్నాడు కుర్రాడు. "ఇప్పుడు నేనే ఆపాను కదా సార్?"

"నువ్వేరా," అన్నారు మాస్టారు నుదురు తడుముకుంటూ. "ఇంత ఘోరంగా నేనెప్పుడూ ఆపలేదు."

గుమ్మం పైన బోర్డు లేదు. చెక్క నిజంగానే మంచిదట, జాడీలు కదలకుండా నిలబడ్డాయి. అయినా పిల్లలు వస్తూనే ఉన్నారు, పాత శిష్యులు కూడా ఒక్కొక్కరే, ఊరికే పలకరించి పోదామని వచ్చినట్టు వచ్చి, "మాస్టారూ, ఒక్క రౌండు చూస్తారా?" అని నసుగుతున్నారు. వాళ్ళందరికీ సాయంత్రం పూట. ఉదయం మొదటి పాఠం మాత్రం భార్యది. ఆవిడ కారెక్కగానే మొదట స్టీరింగు కాదు, మొగుడి కాళ్ళు చూస్తుంది.

"పైన పెట్టుకోండి. రెండూ."