బజర్ ఆపనివ్వని వార్డెన్‌గారు

వార్డెన్‌గారు పోయారు. మొన్న ఏలూరులో ఒక నర్సింగ్‌హోమ్‌లో నిచ్చెనెక్కి పని చేసుకుంటుంటే ఆవిడ చెల్లెలుగారు ఫోన్ చేశారు. "పొద్దున్న అక్క పోయిందండీ. మీకు చెప్పాలనిపించింది" అన్నారు. నిచ్చెన దిగి మెట్ల మీద కూర్చుండిపోయాను. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. ఈవిడ గురించి మెత్తగా రాస్తే ఆవిడే ఒప్పుకోరు.

నేను చిన్న చిన్న భవనాలకు ఫైర్ అలారాలు బిగిస్తాను. తాడేపల్లిగూడెంలో ఒక ఆడపిల్లల హాస్టల్‌కి ప్యానెల్ పెట్టడానికి వెళ్లినప్పుడు ఆవిడ పరిచయమయ్యారు. గోడకి తగిలించే ఇనప పెట్టె అది. అంతస్తుకో ఎర్ర లైటు ఉంటుంది. ఏ అంతస్తులో పొగొస్తే ఆ లైటు వెలిగి బజర్ మోగుతుంది. ఏ గదిలోనో మాత్రం చెప్పదు. ఆ మాటే ఆవిడకి చెప్పాను.

"అంతస్తు చెబితే చాలండి. గది నేను వెతుక్కుంటాను" అన్నారు.

పొట్టి మనిషి. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆదివారం చర్చి నుంచి రాగానే, బైబిలు చంకలో ఉండగానే ప్యానెల్ టెస్ట్ బటన్ నొక్కేవారు. మోగితే "ఆమేన్" అనేవారు. పిల్లలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేవారు. వాళ్లలో చాలామంది కొల్లేరు ఊళ్ల పిల్లలు. చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టాక, ఇక చదువైనా దక్కాలని పంపినవాళ్ల బిడ్డలు.

వానాకాలం వచ్చింది. లైట్లకి మూగిన పురుగులు పై అంతస్తులో పొగని పసిగట్టే డిటెక్టర్లలో దూరడం మొదలెట్టాయి. పొగ లేకుండానే బజర్ మోగేది. మోగినప్పుడల్లా పిల్లలందర్నీ ఆవిడ కిందకి దింపేసేవారు. చదువు పాడవుతోందని పిల్లలు, చెవులు పోతున్నాయని పక్కింటివాళ్లు గొడవ. హాస్టల్ యజమాని నన్ను పిలిపించి, పై అంతస్తు వైరు పీకెయ్యమన్నారు.

నేను పెట్టె తెరిచేలోగా వార్డెన్‌గారు కుర్చీ తెచ్చి దాని ముందు వేసుకుని కూర్చున్నారు.

"ఏవండీ, లేవండి. పని చేసుకోనివ్వండి" అన్నారు యజమాని.

"లేవనండి."

"ఉద్యోగం ఇచ్చిన నాకే ఎదురు చెబుతున్నారా?"

"ఉద్యోగం మీరిచ్చిందేనండి. పిల్లల్ని మాత్రం వాళ్ల అమ్మలు నా చేతికిచ్చారు."

ఆయన నా వైపు చూశారు. "వైరు తియ్యక్కర్లేదండి, డిటెక్టర్లు విప్పి శుభ్రం చేస్తే సరిపోతుంది" అన్నాను. ఆయన విసురుగా వెళ్లిపోయారు. నేను డిటెక్టర్లు దులిపి బిగించేదాకా ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

తర్వాత జరిగింది వాచ్‌మన్ చెప్పాడు. ఒక సెలవురోజు మధ్యాహ్నం కరెంటు పోయిందట. ఇస్త్రీ చేసుకుంటున్న పిల్ల ఇస్త్రీపెట్టెని స్విచ్చి ఆపకుండా పరుపు మీదే వదిలేసి భోజనానికి దిగింది. కరెంటొచ్చింది. కాసేపటికి పై అంతస్తు లైటు వెలిగి బజర్ మోగింది. "మళ్లీ పురుగులేనండి" అంటూ వాచ్‌మన్ బజర్ ఆపబోతే, "చెయ్యి తియ్యి" అన్నారట వార్డెన్‌గారు. పిల్లల్ని రోడ్డు మీదకి తోలి, తడి దుప్పటి కప్పుకుని పైకి వెళ్లారు. పరుపు రగులుతోంది. పక్క గదిలో కొల్లేటికోట పిల్ల జ్వరంతో నిద్రపోతోంది. ఆ పిల్లని వీపు మీద వేసుకుని మెట్లు దిగారు. ఫైరింజను వచ్చేసరికి ఆ గది కాలిపోయింది. ఒక్క పిల్లా కాలలేదు.

తల్లిదండ్రులు పరుగెత్తుకొచ్చారు. కాస్త పొగ వచ్చిందంతే అని చెప్పమని యజమాని ఆవిడ చెవిలో అన్నారట. ఆవిడ అందరి ముందూ నిలబడి, "మంటే వచ్చిందండి. బజర్ మోగబట్టి బతికాం. దాన్ని తీసేయమన్నారు, నేను తియ్యనివ్వలేదు" అన్నారు.

ఆ వారంలోనే ఉద్యోగం పోయింది. కలవడానికి వెళ్లి, "మీరు కాస్త సర్దుకుని ఉంటే బాగుండేదేమోనండి" అన్నాను. ఆవిడ నాకు టీ ఇచ్చి, "నిప్పు సర్దుకుంటుందా అండీ?" అన్నారు. మొండిమనిషి అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. అవును, మొండిమనిషే. ఆ మొండితనం వల్ల బతికినవాళ్లు ఊరూరా ఉన్నారు.

తర్వాత ఏలూరులో ఇంకో హాస్టల్‌వాళ్లు ఆవిడని పిలిచారు. ప్యానెల్ పెట్టందే చేరనన్నారు. పెట్టించుకున్నారు. నేనే బిగించి, పని చేస్తోందో లేదో చూద్దామని టెస్ట్ బటన్ నొక్కాను. పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. బజర్ మోగితే ఎదుటి ఖాళీ స్థలంలో వాళ్లంతా చేరాలి. మధ్యలో రోడ్డు, పట్టపగలు, బస్సులూ లారీలూ. వార్డెన్‌గారు నడిరోడ్డు మీదకి వెళ్లి చెయ్యెత్తి నిలబడ్డారు. చేపల లారీ ఒకటి ఆవిడకి బారెడు దూరంలో ఆగింది. హారన్ మీద హారన్. వెనక బస్సుల్లోవాళ్లు తలలు బయటపెట్టి అరుస్తున్నారు. లారీలోంచి కరిగిన మంచునీళ్లు ఆవిడ చెప్పుల కిందుగా పారుతున్నాయి. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. ఆఖరి పిల్ల దాటేదాకా ఎత్తిన చెయ్యి దించలేదు.