సెలీనియం ఉండగా కాలెందుకు

ఆగస్టు నెల మూడో ఆదివారం, ఉదయం ఆరున్నరకు, ఇందుకూరుపేట దగ్గర తన రొయ్యల గుంటలో మా తమ్ముడు కాలు కోసుకున్నాడు. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్‌కు చుట్టుకున్న తాడు విప్పడానికి చెప్పుల్లేకుండా దిగాడు. మడమ కింద గుల్ల గీసింది. పసుపు అద్ది, గుడ్డ చుట్టి, మళ్ళీ అదే నీళ్ళలోకి దిగాడు. షుగరు ఉన్న మనిషి. అమ్మ పోయాక అక్కనైన నేనే పెంచాను కాబట్టి వాడి మొండితనం నాకు తెలుసు.

మంగళవారం పొద్దున నెల్లూరు ఆస్పత్రికి తెచ్చేసరికి కాలు మోకాలి దాకా వాచి, నల్లటి బొబ్బలు లేచాయి. బీపీ పడిపోతోంది. డాక్టరమ్మ వాడి పెళ్ళాం, మా మరదలినీ నన్నూ మంచం దగ్గరికి పిలిచి, విషం రక్తంలోకి పాకింది, దీన్ని సెప్సిస్ అంటారు అని చెప్పింది. మధ్యాహ్నం లోపల మోకాలి పైదాకా కాలు తీసేస్తే బతికే వీలుందట. ఇస్తున్న మందులు చెబుతూ, ఈ జబ్బులో ఒంట్లో సెలీనియం పడిపోతుందనీ, అదీ కొంచెం ఎక్కిస్తున్నామనీ అంది.

అన్ని మాటల్లో మావాడికి ఆ ఒక్కటే వినబడింది. గుంటల వాళ్ళకు ఆ పేరు కొత్త కాదు. మేతలో కలిపే మినరల్ సంచి మీద ఉంటుంది. పోయిన పంటలో రొయ్యలు చచ్చి తేలుతుంటే ఆ సంచులు వాడి, చావులు ఆగాయని ఊరంతా చెప్పుకున్నాడు.

ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి, "డోసు పెంచండి మేడమ్," అన్నాడు. "దాంతో నా రొయ్యలే లేచినాయి. నేను లేవనా?"

"మీరు రొయ్య కాదండీ. దాంతో ప్రాణం నిలుస్తుందని గట్టిగా తేలలేదు. కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు. కాలు తీయడానికి బదులు మాత్రం అది కాదు."

"రొయ్యకి పది కాళ్ళుండాయి. నాకుండేది రెండే. ఒకటి మీకిస్తే ఎట్టా?"

నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఒరే, కుర్చీలో కూర్చోని గుంట చూసుకోవచ్చు. ఒప్పుకో," అన్నాను.

"నువ్వూరుకో అక్కా. కుంటోడా అని పిలిస్తే పలకాల్సింది నేను."

మరదలు నా వైపు తిరిగింది. "నీకేం వదినా, నీ మొగుడు ఎప్పుడో పోయినాడు. ఈయన కుంటోడైతే మొయ్యాల్సింది నేను."

"మొగుడు లేని సుఖం నీకూ రేపు తెలుస్తాదిలే," అన్నాను. అన్నందుకు ఇప్పటికీ విచారం లేదు.

ఒంటిగంటకు వాడికి స్పృహ తప్పింది. ఇక ఒప్పుకోవలసింది మరదలు. "ఆ సెలీనియం ఎక్కేదాకా చూద్దాం," అంది. నాలుగు గంటలకు తనే పరుగెత్తుకెళ్ళి, "తీసేయండి," అని ఏడ్చింది. ఇప్పుడు మత్తు ఇస్తే చాలు, గుండె ఆగిపోతుందని డాక్టరమ్మ చెప్పింది.

బుధవారం ఉదయం ఎనిమిదింటికి పోయాడు. శవం అప్పగించేటప్పుడు మరదలు అడిగిన మాట ఒక్కటే: "సెలీనియం తక్కువేసినారా?" డాక్టరమ్మ సంతకం పెట్టాల్సిన చోటు చూపించి లోపలికి వెళ్ళిపోయింది.

రెండు కాళ్ళూ ఉన్న మనిషిని సాయంత్రం దహనం చేశాం. పోయింది యాభై రెండేళ్ళ తమ్ముడు ఒకడు, ఏరేటర్లు తిప్పేవాడు లేక చచ్చిన గుంటెడు రొయ్యలు, మరదలితో మాటలు.